ఆటబొమ్మయు పసివ్రేళ్లును

పిల్లల యాటవస్తువులను గూర్చి పెద్దలు తీరికగా నాలోచించుట మనలో నంతగా వాడుక లేదు. పెండ్లిని గూర్చియు, చదువును గూర్చియు, స్త్రీల యాస్తిహక్కును గూర్చియు గంటలకొలది వాదించు వారు సహితము బొమ్మల కడకు వచ్చునప్పటికి చిరునవ్వు నవ్వి దాటిపోవుచుందురు. మేము ఎత్తుకొన్న ప్రశ్న మాత్రము బొమ్మతోనే ప్రారంభమగుచున్నది. ఒక పసిపిల్ల పొలములో పారవేసిన యాకును మడిచి బొమ్మను చేసినచో "ఎంత నేర్పరి!" యని మెచ్చుకొందుము. ఆ పిల్లయే ఆ వ్రేళ్లతోనే పొలములోని మొగ్గను గిల్లి, దానికి వేరొక పూవును రాచినచో, అట్లు చేయించుట నేరమని శాసనము చెప్పుచున్నది. రెండును వ్రేళ్ల పనులే. రెండును మొక్కతోడి పనులే. ఒకటి ఆటయు నొకటి వెట్టియు నెట్లయ్యెను? ఇందులకు సమాధానము తేలికయని తోచును గాని, చెప్పబోయినప్పుడు చిక్కులు గానవచ్చును.

బొమ్మ మాట మొదట చూతము. మెక్సికో దేశమున మొక్కజొన్న పొత్తును చుట్టుకొనియుండు ఎండుపొరలకు "టొటొమోష్త్లే" యని పేరు. ఆ దేశపు ప్రాచీన భాషలలో నొకటియగు నాహువాతు నుండి వచ్చిన మాట యిది. ఆ పొరలలో పిండిని పొదిగి, ఆవిరిపై నుడికించి "తమాలె" యను వంటకమును చేయుదురు. కోనసీమవారు పనసాకు బుట్టలలో పొట్టిక్కలు వండుట యెరిగిన వారికి ఇది క్రొత్తగా తోచదు. ఆ పొరలతోనే బొమ్మలును చేయుదురు. ఎండినపొరను కొంతసేపు నీట నానవేసినచో మెత్తబడి గుడ్డవలె మాట వినును. ఒక పొరను ఉండగా చుట్టి, దానిపై మరికొన్నింటిని కప్పి, క్రింద సన్నని చీలికతో బిగించి కట్టినచో తలయు మెడయు నేర్పడును. వేరొక పొరను చుట్టగా చేసి యడ్డముగా జొనిపినచో చేతులగును. నడుమునకు మరియొక కట్టు. దానికి దిగువనున్న పొరలను విప్పి వదలినచో కుచ్చిళ్ల పావడ. పొత్తుపీచు జుట్టగును. ఆరినపిమ్మట బొమ్మ బిగుసుకొని, ఇచ్చిన రూపముననే నిలిచిపోవును. సూదితో గాని మేకుతో గాని పనిలేదు. కట్టు త్రాడు కూడ ఆ పొరయే.

ఇట్టి బొమ్మలు ఉత్తర అమెరికా ఖండమున నీశాన్యభాగపు ఆదిమజాతులలోను గలవు. హౌదెనొషోనీ యను జాతులవారి పొరబొమ్మకు ముఖముండదు. వారు చెప్పు కథ యిది: పిల్లల నాడించుటకై పుట్టిన బొమ్మ నీటిలో తన యందమును జూచుకొని మురిసిపోవుచు, పిల్లల సంగతి మరచినదట, అందుకు శిక్షగా దాని ముఖము తీసివేయబడినదట. ఈ కథను వారు వినయము నేర్పుటకై చెప్పుదురు. మాకు మాత్రము దీనిలో వేరొక తాత్పర్యము కనిపించుచున్నది. ముఖములేని బొమ్మకు ఏ ముఖము పెట్టవలెనో నిర్ణయించునది ఆడుకొను పిల్లయే. అది యీ పూట నవ్వును, రేపటికి ఏడ్చును; చేసిన పెద్దవారికి దానిపై నధికారము లేదు.

గ్వాటెమాల దేశపు మాయాజాతివారి పురాణమైన "పొపోల్ వూహ్" లో, దేవతలే మొదట బొమ్మలు చేసినట్లున్నది. మొదటి మనుష్యులను మట్టితో చేసిరి. వారు నీటిలో కరగిపోయిరి. పిమ్మట కొయ్యతో చేసిరి. వారు నడచిరి, మాటాడిరి గాని వారికి హృదయము లేకపోయెను, తమ్ము చేసినవారి తలంపు లేకపోయెను. తుదకు వారి వంటకుండలును తిరుగలిరాళ్లును వారిపై తిరుగబడెనట. మూడవమారు మొక్కజొన్న పిండితో చేసినవారే మనుష్యులైరి. వాడుకొన్న వస్తువులు వాడుకొనినవానిపై తిరుగబడుట యను నీ యూహ వినోదముగా చదువవలసినది కాదు. చేతులను వస్తువులుగా వాడుకొను లోకమున దానికి వేరర్థమున్నది.

మొక్కజొన్నకును మనుష్యుని చేతికిని గల సంబంధము పురాణముతో ముగిసినది కాదు. దక్షిణ మెక్సికోలోని బాల్సాస్ నదీలోయలో, సుమారు 9,000 సంవత్సరముల క్రిందట, టియోసింటే యను గడ్డి నుండి మనుష్యులు దీనిని పెంపుచేసిరని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ గడ్డిగింజలు పండి తమంతట రాలిపోవును. మొక్కజొన్న గింజలు రాలవు. పొరలలో బిగిసి, కండెకు అంటుకొనియే యుండును. చేయి యొకటి వచ్చి పొర నొలిచి, గింజలను వేరుచేసి నాటకున్నచో నీ పైరు తన సంతతిని నిలుపుకొనజాలదు. అనగా ఆ పొర మనుష్యుని చేతిని నమ్ముకొని యున్నది. దానితో బొమ్మ చేసిన పిల్ల, వేలయేండ్ల కొలది తల్లులు చేసిన పనిలో మిగిలిన తునుకను తీసుకొని యాడుకొనుచున్నదన్నమాట.

ఐరోపావారి యోడలతో ఆ పైరు మన దేశమునకు వచ్చినది. మనవారు దానికి జొన్న పేరునే తగిలించిరి. తెలంగాణమున "మక్కలు" అందురు. నేడు నాగరుకర్నూలు చల్కనేలలలో నది సామాన్యమైన పైరు. గింజలు చాలవరకు కోళ్ల మేతకు పోవును, చొప్ప పశువులకు పోవును. ఆ పొరలతో బొమ్మలు చేయు నాచారము మన పల్లెలలో వేళ్లూనలేదు. మన పిల్లల ముడిసరకు జొన్నదంటు.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములు 2016 అక్టోబరు 11వ తేదీన వేరు జిల్లాలగువరకు మహబూబునగరు జిల్లాలోనివి. జనులు ఆ సీమనంతటిని పాలమూరందురు. అచ్చట జొన్నకోతలైన పిమ్మట ఆరిన దంటుతో పిల్లలు చేయని వస్తువు లేదు. దంటు పైచెక్కను పంటితో గాని గోటితో గాని పొడవుగా చీల్చుదురు. లోపలి బెండు తెల్లగా, తేలికగా, గ్రుచ్చినచో లొంగునట్టిదిగా నుండును. చెక్క చీలికలే మేకులు, బెండుముక్కలే పలకలు. ఒకదానిలో నొకటి గ్రుచ్చుకొనుచు పోయినచో ఎద్దులబండి తయారగును. చక్రములు తిరుగును, కాడి యుండును. కళ్లజోడు చేసి పంతులుగారివలె పెట్టుకొందురు. చెక్క పదునుగా నుండును గనుక వ్రేలు తెగుటయు కలదు. తెగిన వ్రేలిని నోట పెట్టుకొని బండిని పూర్తిచేయుదురు. పైరు మారుచున్నకొలది ఈ విద్యయు సన్నగిల్లుచున్నది. జొన్న వేసిన చేలలో పత్తి వచ్చినది. పత్తికట్టెతో బండి కాదు.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమను నడిగడ్డ యందురు. అచ్చట కన్నడదేశపు పొరుగువలన మట్టెద్దుల అమావాస్య యున్నది. మట్టితో ఎద్దులను చేసి, వానికి మ్రొక్కుదురు. తెలంగాణపు పల్లెలలో భాద్రపద బహుళ పంచమి మొదలు ఆడపిల్లలు బొడ్డెమ్మను నిలిపి, మట్టిని మెట్టుమెట్టుగా పేర్చి, పూలతో నలంకరించి, చుట్టును తిరుగుచు పాడుదురు. కడపటి దినమున నీటిలో గలుపుదురు. వీనిలో ఏదియు నిలుచుటకై చేయబడినది కాదు. బండి మూడునాళ్లలో విరుగును, ఎద్దు వానలో కరగును, బొడ్డెమ్మ చెరువులో కలియును. ఈ గడ్డపై పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" లో రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి జనుల తిండితీరులను, వేషములను, ఆటలను గ్రంథస్థము చేసిరి. ఆటలు చరిత్రలో చేర్పదగిన విషయములని 1949 నాటికి ఒక పెద్దమనుష్యుడు తలంచుటయే గొప్ప. ఈ గ్రంథమునకే 1955లో సాహిత్య అకాడెమీ వారి బహుమానము లభించినది. గ్రంథకర్త యంతకు రెండేండ్లకు ముందే గతించిరి.

కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతోను, ఏటికొప్పాకలో అంకుడు కొయ్యతోను, నిర్మలలో పొనికితోను బొమ్మలు చేయుచున్నారు. అవి యందమైనవి, కీర్తిగలవి; పెక్కు కుటుంబములకు కూడుపెట్టుచున్నవి. వానిని మేము తక్కువ చేయుట లేదు. కాని యవి పెద్దవారు పిల్లల కొరకు చేసిన వస్తువులు, అనగా సరకులు. జొన్నబెండు బండికి ధర లేదు. ధర లేనందుననే దానిని ఎవ్వరును కొలువరు. "నేటికెన్ని చేసితివి?" అని అడుగువాడు లేడు. సగము చేసి విడిచినను తప్పులేదు. వంకరగా చేసినను చేసినదానికి నచ్చినచో చాలును. పిల్లయే యజమాని, పిల్లయే పనివాడు, కొనువాడును పిల్లయే. ఇటువంటి స్వాతంత్ర్యము పెద్దయైన పిమ్మట మనలో నెందరికి దక్కును? పాలమూరు మట్టిపనివారు మేస్త్రీలవెంట దేశదేశములు తిరిగి యానకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి. ఆ నీరు వారి చేలకు రాలేదు. తాను చేసినదానిపై తనకు హక్కుండుట యను ననుభవమును ఆ కుటుంబములలో చాలమంది జొన్నబండితోనే మొదట నెరిగి, జొన్నబండితోనే మరచియుందురు.

ఆటయనగానే నిర్మలమనుకొనుటయు పొరపాటే. బొమ్మల పెండ్లిండ్ల సంగతి చదువరులకు తెలిసినదే. ఆడపిల్లకు బొమ్మతోబాటు లక్కపిడతలను, మగపిల్లవానికి బండిని ఇచ్చి, బ్రతుకును పంచిపెట్టినవారు పెద్దలు. పసుపు కుంకుమలు, పల్లకి, భోజనములు నమర్చి బొమ్మకు పెండ్లి చేసినవారిలో కొందరు మరుసటి యేడు బొమ్మనాడించిన పిల్లకును అదే చేసిరి. బొమ్మ నెపముగా పెద్దల కోరిక పిల్ల చేతిలోనికి ప్రవేశించును. ఇంతకు మించి దీనిని విస్తరింప నక్కరలేదు. పిల్ల తానై చేసిన యాటకును, పిల్లచేత నాడించిన యాటకును భేదమున్నదని మాత్రము గుర్తుంచుకొందము.

ఇక రెండవ పని. గద్వాల సీమకు నేడు చీరలవలన నెంత పేరున్నదో, సీడుపత్తివలన నంత పేరున్నది. సంకరజాతి పత్తి విత్తనమును వాణిజ్యముగా పండించుట 1970లో గుజరాతునందలి సూరతు పరిశోధనకేంద్రము విడుదలచేసిన హెచ్-4 అను వంగడముతో ప్రారంభమైనది. అది ప్రపంచముననే మొదటిదందురు. తరువాతి దశాబ్దములలో ఆ వ్యాపారము కర్నూలు, మహబూబునగరు జిల్లాలకు వ్యాపించెను. మొక్కజొన్నలో మగపూల జల్లు తలపైన నుండును, ఆడుపూల పీచు నడుమనుండును. గాలియే పుప్పొడిని చేర్చును. పత్తిపూవులో నట్లుగాక రెండు నొకచోటనే యున్నవి. కావున సంకరము చేయవలెనన్నచో మనుష్యుడు పూవు పూవును ముట్టుకొనవలెను. సాయంకాలమున, మరునాడు విచ్చబోవు మొగ్గను పట్టుకొని, బొటనవ్రేలి గోటితో రేకులను, కేసరముల దొప్పను గిల్లివేసి, నడుమనున్న కీలము చెడకుండ నిలుపవలెను. గురుతు పెట్టవలెను. తెల్లవారిన పిమ్మట మగవరుసలోని పూవును కోసి తెచ్చి, దాని పుప్పొడిని ఈ కీలమునకు రాయవలెను. ఒకనాటి పని మరునాటికి పనికిరాదు. పూవు మరునాటికే ఎఱ్ఱబడి ముడుచుకొనును. రెండు నెలలకు పైగా, ప్రతిదినము, ప్రతి మొక్కకడను ఈ పని సాగవలెను. దీనిని ఆ సీమలో "క్రాసింగు" అందురు.

ఈ పనికి ఆడపిల్లలను పెట్టిరి. ఏడెనిమిదేండ్లవారు మొదలు పదునాలుగేండ్లవారివరకు, వేసవిలోనే తల్లిదండ్రులకు బయానా ముట్టజెప్పి, వానకాలమున వారిని చేలకు తోలుకొనిపోయిరి. బడి పట్టికలో పేరుండును, పిల్ల యుండదు. మందు కొట్టిన చేలలో దినమంతయు వంగి నడచుటచే తలనొప్పులు, చర్మరోగములు వచ్చెను. విత్తనము కంపెనీది, కంపెనీకి ఆర్గనైజరుతో నొడంబడిక, ఆర్గనైజరుకు రైతుతో నొడంబడిక, రైతుకు తండ్రితో నోటిమాట. పిల్లతో నెవ్వరికిని ఒడంబడిక లేదు. అడిగినచో ప్రతివాడు పైవానిని చూపును, లేదా క్రిందివానిని చూపును. ఈ యాచారము బయటపడి, దేశమునను విదేశములందును అలజడి పుట్టినమీదట, గడచిన యిరువది యేండ్లలో చాలవరకు తగ్గినది. పూర్తిగా పోలేదు.

ఎందుకు పిల్లలే కావలెనని యడిగినవారికి వచ్చిన జవాబు మమ్ము ఈ వ్యాసము వ్రాయించినది. "పసివ్రేళ్లు సన్ననివి, మొగ్గ నలగదు; పిల్ల యెత్తు మొక్క యెత్తుకు సరిపోవును; ఆడపిల్లలకు నేర్పెక్కువ, ఓర్పెక్కువ." పొరబొమ్మను చూచి మనము పలికిన ప్రశంసయు నిదియే గదా! సన్ననివ్రేళ్లు, నేర్పు, ఓర్పు. మెచ్చుకోలు ఒక్కటే, చేతికి వచ్చిన ఫలము వేరు. ఆ ప్రశంస నిజము కాదనుటకును కారణమున్నది. పెద్ద స్త్రీలును ఆ పనిని చక్కగా చేయుచున్నారు. పిల్లలను మాన్పించిన చేలలో విత్తనము పండక పోలేదు. సన్ననివ్రేలికంటె సన్నని కూలియే అసలు గుణము. పిల్ల బేరమాడదు, ఎదురు చెప్పదు, పండుగనాడును వచ్చును. ఈ మూడు గుణములకే "ఓర్పు" అని పేరు పెట్టిరి.

అయినచో భేదము కూలిలో నున్నదా? కూలి పెంచినచో పసిదాని పని ధర్మమగునా? కాదు. భేదము కష్టములో నున్నదా? జొన్నచెక్క వ్రేలిని కోయును, మొగ్గ కోయదు. ఆటలోను కష్టమున్నది, పిల్లలు కష్టమును వెదకికొనిపోవుదురు. భేదము ఉపయోగములో నున్నదా? ఉపయోగపడు పని నేర్చుట చెడ్డదని మేమనజాలము. మేరియా మాంటిస్సోరిగారు 1939లో మద్రాసు చేరి, యుద్ధకాలమంతయు మన దేశముననే యుండి ఉపాధ్యాయులను తరిఫీదు చేసిరి. 1907లో రోమునగరమున తాను పెట్టిన శిశుగృహములో పిల్లలు మంచిబొమ్మలను వదలి, పనిముట్ల కడకే పోయిరని ఆమె చెప్పిరి. పిల్లవాని చేష్టను ఆమె "పని" యనియే పిలిచిరి. కావున పనియను పేరులో పాపము లేదు. అయితే ఆ గృహములో పిల్ల పనిని తానే యెత్తుకొనును, చాలుననుకొన్నప్పుడు తానే దించును.

మా తలంపున భేదమంతయు ఆ దించుటలో నున్నది. మానుకొను హక్కు ఎవరిదో చూడవలెను. సగము కట్టిన పొరబొమ్మను పారవేసి పరుగెత్తిపోవు పిల్ల యాడుచున్నది. సగము వరుసలో మొగ్గను విడిచి పోగోరినను పోలేని పిల్ల వెట్టి చేయుచున్నది. ఆ వరుస సొంత తండ్రిదైనను, ఆనాడు దానికి మిఠాయి పెట్టినను, చేయుచు పాడుచున్నను వెట్టియే. పాట వినబడినంత మాత్రమున నాటయని భ్రమపడరాదు. మన దేశమున వెట్టివారందరును పాడుచునే పనిచేసిరి.

ఈ భేదమును మంచిమనస్సు గలవారు సహితము జారవిడుచుట కలదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముని యాధ్వర్యమున జరిగిన విద్యాసభ, చేతిపని మూలముగా చదువు చెప్పవలెనని తీర్మానించినది. పుస్తకపు పురుగుల విద్యతో విసిగియున్న దేశమునకు అది గొప్ప మాట. పిల్లలు చేసిన వస్తువుల విలువతో ఉపాధ్యాయుల జీతము క్రమముగా వెళ్లగలదని కూడ గాంధీజీ ఆశించిరి. అప్పుడే విమర్శకులు లేచి, బడి కార్ఖానాయగును, ఉపాధ్యాయుడు మేస్త్రీయగును అనిరి. మాకు గాంధీజీయందు గల భక్తి తక్కువది కాదు గాని, ఈ యొక్కచోట విమర్శకుల మాటయే బరువుగలదని తోచుచున్నది. పిల్ల వడికిన నూలుకు ధర కట్టినంతనే, నూలు తక్కువైన దినమున పిల్లవైపు చూచు చూపు మారును. ఎంతటి సాధువునకైనను మారును. పొరబొమ్మలకును ఈ గండమున్నది. "గ్రామీణ బాలికల హస్తకళ" యని పేరుపెట్టి, పట్టణపు టంగడిలో నుంచినచో, మొదటి నాటి సరదా పదవ బొమ్మనాటికి లెక్కయగును. చేతిపని వస్తువులను కొని యిల్లలంకరించుకొను నలవాటు నేడు మన యిండ్లలో పెరుగుచున్నది, మంచిదే. కొనునప్పుడు ఇది పత్తా, కొయ్యా, లక్కా యని యడుగుదుము. చేసినవారి వయస్సు నడుగుట యింకను మర్యాదలలో చేరలేదు.

దూరపు చేలను గూర్చి వ్రాయుట సులభము. మన గడపలోపలి సంగతియు చెప్పవలెను. పిల్లనాడించుటకని పల్లెనుండి పదేండ్ల పిల్లను తెచ్చి యుంచుకొనిన చదువుకొన్న కుటుంబము లెన్ని లేవు! పదునాలుగేండ్లలోపు వారిని ఇంటిపనికి పెట్టుట 2006 అక్టోబరు 10వ తేదీనుండియే నిషిద్ధము. "మా యింట దానికి పనియేమున్నది, మా చంటివానితో నాడుకొనుచుండును" అందురు. నిజమే, ఆ పిల్ల బొమ్మలతోనే యుండును. కాగితముతో పడవచేయును, గుడ్డపేలికతో బొమ్మ కట్టును, చంటివాడు నవ్వువరకు దానిని కదలించుచుండును. చూచువారికి ఇద్దరు పిల్లలాడుచున్నట్లే యుండును. చంటివాడు విసిగి బొమ్మను విసరివేయవచ్చును. ఆమె తీసి తెచ్చియియ్యవలెను. తనకు విసుగు పుట్టినను ఆమె దానిని విసరరాదు. ఒకే బొమ్మ, ఒకే చాప. వానికి ఆట, ఆమెకు కొలువు. కన్నబిడ్డవలె చూచుకొనుచున్నామను మాట నమ్మదగినదో కాదో తేల్చుటకు ఆ బొమ్మను క్రింద పెట్టి పోవుటకు ఆమెకు వీలున్నదా యని యడిగిన చాలును.

పేదకుటుంబమునకు పిల్ల తెచ్చు కూలి యాధారము గదా, మీ ధర్మము వారికి కూడు పెట్టునా, యను నాక్షేపణ న్యాయమైనది. దీనికి పుస్తకములనుండి గాక పనిచేసినవారి యనుభవమునుండి జవాబు చెప్పవలెను. శాంతా సిన్హాగారు స్థాపించిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషనువారు, 1990ల మొదటి భాగమునుండి రంగారెడ్డి జిల్లాలో పిల్లలను పనినుండి బడికి మరల్చుచు వచ్చిరి. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారము వచ్చినది. బడిలో లేని ప్రతిబిడ్డయు పనిలో నున్న బిడ్డయే యని వారి సిద్ధాంతము. బీదవారు బిడ్డల చదువును కోరరను మాట వారి యనుభవమున నిలువలేదు. పిల్ల దొరకినంతకాలము పెద్దవారి కూలి పెరగదు. తల్లి చేయదగిన పనిని సగము కూలికి కూతురు చేయుచుండగా తల్లి కూలికి విలువ యెక్కడిది? పిల్ల తెచ్చు కూలి, తల్లి కూలినుండి కోసినదే. అయినను ఒక్క యేడు ఆ కూలిలేక గడచుట కష్టమగు నిండ్లు కలవు. ఆ యిండ్ల కొరకు భోజనముతో కూడిన వసతిగృహములు, బాలికల బడులు నెన్ని యున్నను చాలవు.

శాసనముల సంగతి రెండు మాటలు. 1986 నాటి శాసనము కొన్ని వృత్తులను మాత్రమే నిషేధించినది. నిర్బంధవిద్యాహక్కు 2010 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చెను. 2016లో శాసనమును సవరించి, పదునాలుగేండ్లలోపు వారిని ఏ పనికిని పెట్టరాదనిరి. అయితే అపాయము లేని కుటుంబపు పనిలో, బడిగంటల పిమ్మటను సెలవులలోను సాయపడవచ్చునని ద్వారము తెరచి యుంచిరి. ఐక్యరాజ్యసమితివారి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణము పిల్లకు విశ్రాంతియు నాటయు హక్కులని చెప్పుచున్నది. మన దేశము 1992లో దానికి చేరినది. ఆట హక్కు కాగితముపై నున్నది. సెలవులలో సాయమను ద్వారము చేనిగట్టుపై నున్నది.

ఇచ్చట పంచాంగమును చూచుట మంచిది. సీడుపత్తి తొలకరిలో వేయుదురు. మొగ్గ తొడిగి క్రాసింగు ముమ్మరమగునది భాద్రపద ఆశ్వయుజ మాసములు. బొడ్డెమ్మ నిలుపునదియు అప్పుడే, బతుకమ్మ పేర్చునదియు అప్పుడే, బడులకు దసరా సెలవులిచ్చునదియు అప్పుడే. మట్టిని పిసికి మెట్లు కట్టవలసిన వ్రేళ్లకును, మొగ్గ గిల్లు వ్రేళ్లకును కాలమొక్కటే వచ్చినది. రెండుచోట్ల నొక్కసారి యుండుట ఏ పిల్లకును సాధ్యము కాదు. గద్వాల చుట్టుపట్ల నొక్కొక్క పల్లెలో, ఈ యేటి భాద్రపద బహుళ పంచమినాడు, బొడ్డెమ్మ చుట్టును తిరుగుచున్న యాడపిల్లలెందరో, పత్తివరుసలలో నున్నవారెందరో లెక్కవేయుటకు ఆ యూరి యుపాధ్యాయురాలికి ఒక్క సాయంకాలము చాలును.